ముందు నంబరు

ఒప్పుకుంటే కోర్టు లేచేదాకా ఒక మూల కూర్చోబెడతారట, శిక్ష అంతేనట, సాయంత్రానికి ఇంటికి పొమ్మంటారట. మా వకీలు హరికిషన్ పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పాడు, ప్రతిసారీ నాకు పండక్కి చీర పెడుతున్నట్టు చెప్పాడు. "పదకొండున్నరకు పిలుస్తరు బుచ్చమ్మా. జడ్జి సాబ్ కాగితం చదివి, నేరం ఒప్పుకుంటున్నవా అని అడుగుతడు. ఒప్పుకుంటున్న సార్ అను. గంతే. ఇరవై మూడేండ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు, ఆడమనిషి, జెర దయ చూడుమని నేను అడుగుత. ఇవాళనే ఖతం." ఇప్పుడు పదిన్నర. సికింద్రాబాద్ కోర్టు వరండాలో ఈ బెంచీ మీద, తిరుగుతోందో ఆగిందో తెలియని ఫ్యాను కింద, ఇరవై మూడేళ్ళను ఒక్క మాటకు కుదించుకుని కూర్చున్నాను. ఇంకో గంట ఉంది.

గంటంటే ఏమిటో నాకు తెలుసు. పోతులవాగు స్టేషన్ దాటాక ముప్పై ఒకటో నంబరు గేటు నాది. ఇప్పుడు నాది కాదని కాగితం చేతికిచ్చారు, అయినా నాదే అంటాను, ఎవరేమనుకున్నా సరే. గంటలో ఐదు రైలుబండ్లు పోయేవి. ఐదుసార్లు హ్యాండిలు తిప్పి గేటు దించేదాన్ని, ఐదుసార్లు ఎత్తేదాన్ని, మధ్యలో పొయ్యి మీద అన్నం పెట్టి దించేదాన్ని, లారీ డ్రైవర్ల తిట్లు తిని రెండింతలు తిరిగి ఇచ్చేదాన్ని. ఇక్కడ గంటలో ఏమీ పోవడం లేదు. నల్లకోట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎదురు గోడ మీద ఎవరో కిళ్ళీ ఊశారు, దాని పక్కనే ఊయరాదని రాసి ఉంది. ఆ గోడకే ఆనుకుని ఒకాయన ఫోనులో తన గొర్రెల గురించి మాట్లాడుతున్నాడు, ఏదో గొర్రె ఈనిందట, రెండు పిల్లలట, ఏ కేసులో వచ్చాడో గానీ మొహంలో సంతోషం దాగడం లేదు. బాగుంది, ఎవరికో ఒకరికి ఇవాళ మంచి కబురు వచ్చింది.

నా గేటుకూ సిగ్నలుకూ మధ్య తీగ లేదు. కొన్ని గేట్లకు ఉంటుంది, గేటు పూర్తిగా పడితేనే సిగ్నలు పడుతుంది, మనిషి తప్పు చేద్దామన్నా మిషను ఒప్పుకోదు. మా గేటుకూ పెడతామని ఆరేళ్ళుగా కొలతలు తీసుకుపోతున్నారు. అంతవరకూ మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. స్టేషన్ మాస్టరు ఫోను చేసి బండి వస్తోందంటాడు. నేను గేటు దించి, తాళం వేసి, గదిలో మేకుకు వేలాడే కాగితం చూస్తాను. అందులో వరుసగా రెండంకెల నంబర్లుంటాయి. తర్వాతి నంబరు ఆయనకు చెప్పి దాన్ని కొట్టేస్తాను. ఆయన తన పుస్తకంలో రాసుకుంటాడు, అప్పుడు సిగ్నలిస్తాడు. ప్రైవేట్ నంబరు అంటారు దాన్ని, గేటు పడిందని నేను ఒట్టేసి చెప్పినట్టు. మంచి రూలు, నేను తప్పుపట్టను. కానీ ఆ రూలు రాసినాయన గేటు మీద బండ్లు లేవు. నా గేటు మీద కంకర లారీలు, ఇసుక ట్రాక్టర్లు, పెళ్ళి కార్లు, ఆర్టీసీ బస్సు, మంగళవారం అంగడికి పోయే మేకలు. గేటు సగం దిగగానే ముక్కు దూర్చేవాడు ఒకడు, వాడి వెనక ఇంకొకడు. పూర్తిగా దించడానికి ఒక్కోసారి ఏడెనిమిది నిమిషాలు పట్టేది. అంతసేపూ రైలు సిగ్నలు బయట నిలబడాలి. నిలబడితే రైళ్ళన్నిటినీ నడిపించే కంట్రోలు ఆఫీసు నుంచి మాస్టరుకు ఫోను, మాస్టరు నుంచి నాకు ఫోను. అందుకని ముందు నంబరు.

ముందు నంబరంటే గేటు దించకముందే నంబరు చెప్పేయడం. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. డ్యూటీలో చేరిన వారంలోనే, నాకు పని నేర్పిన రోసమ్మ చెప్పింది, "సారు అడుగుతనే ఇచ్చెయ్ పిల్లా, ఇచ్చి ఉరుకు. బండి రానీకి నాలుగు నిమిషాలుంటది, నీ గేటు మూడు నిమిషాలల్ల పడాలె." మూడు షిఫ్టుల్లో ముగ్గురమూ అలాగే ఇచ్చాం. మారిన ప్రతి మాస్టరూ అలాగే అడిగాడు. తనిఖీకి వచ్చిన పెద్దసార్లు నా గదిలో నా స్టూలు మీద కూర్చుని, నా చేతి టీ తాగుతూ, నేను ముందు నంబరివ్వడం చెవులారా విని, పుస్తకంలో సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టి పోయారు. ఆ పుస్తకం ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో. ఇరవై మూడేళ్ళు ఇచ్చి ఉరికాను, ఒకే ఒక్క రోజు ఉరికినా అందలేదు. ఇరవై మూడేళ్ళు అందరిదీ అయిన పని ఆ ఒక్కరోజు మాత్రం నా ఒక్కదానిదే ఎట్లా అయింది?

మెట్ల దగ్గర వరహాలబాబు సార్ నిలబడి ఉన్నాడు. మా స్టేషన్ మాస్టరు. కేసులో నేను మొదటి ముద్దాయిని, ఆయన రెండో ముద్దాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. పలాస వైపు మనిషి, మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకుని పాతికేళ్ళయినా మాట మారలేదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. మా ఆయనకు రాళ్ళ ఆపరేషనైనప్పుడు తొమ్మిది రోజులు నా డ్యూటీలు సర్దింది ఈయనే, పండగలకు వాళ్ళావిడ పంపిన పూర్ణాలు తిన్నదాన్ని నేను. ఇప్పుడు కాగితపు గ్లాసుతో నా వైపే వస్తున్నాడు, దారిలో టీ కొంచెం చేతి మీద ఒలికింది, తుడుచుకోలేదు.

"తాగమ్మా బుచ్చమ్మా."

"వద్దు సార్."

"పద్నాలుగు నెల్లుందమ్మా నాకు సర్వీసు. నువ్వు ఒప్పుకుంటే నా మీద కేసు నిలబడదని మా లాయరు అంటన్నాడు. నేను నిన్నేటీ అడగను. ఆ ఫోన్ల టేపు సంగతి మాత్రం ఎత్తకు తల్లీ."

"టేపుల మీ గొంతొక్కటే లేదు సార్. నాది సుత ఉంది."

"అందుకే చెప్తన్నాను," అన్నాడు. గ్లాసు బెంచీ చివర పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన అన్నది బెదిరింపు కాదు, నా మీద జాలే. ఆ జాలి మీదే నాకు ఒళ్ళు మండింది.

ప్రమాదం జరిగిన రోజు బుధవారం, పొద్దున పదకొండు దాటింది. ఓంప్రకాశ్ అనే టెంటుహౌసు మనిషి ట్రాలీ ఆటోలో షామియానా గుంజలు, కుర్చీలు వేసుకుని పెళ్ళింటికి పోతున్నాడు. పేరు తర్వాత తెలిసింది. పట్టాల మధ్యకు రాగానే ఇంజను ఆగిపోయింది. నేను అప్పటికే నంబరు ఇచ్చేసి ఉన్నాను. సగం దిగిన గేటును ఎత్తాలో దించాలో తెలియక రెండు క్షణాలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. ఆ రెండు క్షణాలు నావి, వాటిని ఎవరికీ అంటగట్టను. తర్వాత గదిలోకి ఉరికి ఫోనెత్తాను, మాస్టరు అవతల కంట్రోలుతో మాట్లాడుతున్నాడు, దొరకలేదు. ఎర్రజెండా తీసుకుని పట్టాల మీద రైలుకు ఎదురు ఉరికాను, ఒక చెప్పు ఊడి కంకరలో పడింది, కాలు కోసుకుపోయిందని సాయంత్రం దాకా తెలియలేదు. రైలు డ్రైవరు చూశాడు, బ్రేకు వేశాడు, ఆ చప్పుడు ఇంకా నా పళ్ళలో ఉంది. అంత బరువు అంత దూరంలో ఆగదు. వెనక్కి తిరిగి చూస్తే జనమంతా దూరం ఉరికారు, అతను ఒక్కడే ఆటోకు భుజం పెట్టి తోస్తున్నాడు. వదిలేసి ఉరికితే బతికేవాడు. వదల్లేదు. రైలు ఇంజనూ, దాని వెనక పెట్టె ఒకటీ పట్టాలు దిగాయి, పద్నాలుగు మందికి దెబ్బలు తగిలాయి, అతను అక్కడే పోయాడు. పేపర్లో మాత్రం గేటు పడుతుండగా దూసుకొచ్చిన ఆటో అని రాశారు. దూసుకురాలేదు. అతను తోయడం చూశానని చెప్పే మనిషిని నేను ఒక్కదాన్నే, నేనేమో ముద్దాయిని.

ఎంక్వయిరీలో ముగ్గురు సార్లు కూర్చున్నారు, ఏసీ గది, బిస్కెట్లు. నంబరు ఇచ్చావా, అన్నారు. ఇచ్చిన సార్. గేటు వేశావా, అన్నారు. వెయ్యలే సార్. పక్కనున్నాయన టైపు కొట్టాడు, అయిపోయింది, పొమ్మన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఇంకో ప్రశ్న వస్తుందనుకున్నాను. ఇరవై మూడేళ్ళు పనిచేసిన మనిషి గేటు వేయకుండా ఎందుకు నంబరిచ్చింది, పిచ్చిదా, తాగిందా, నిద్రపోయిందా, ఏదో ఒకటి అడగాలి కదా, కోడి గుడ్డు పెట్టకపోయినా ఎందుకు పెట్టలేదని అడుగుతాం. అడగలేదు. అడిగితే జవాబు వాళ్ళ బల్ల దాకా వస్తుందని వాళ్ళకు తెలుసు. "ఎందుకిచ్చిననో రాసుకోరా సార్" అని నేనే అన్నాను. మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి, "అడిగినదానికే చెప్పాలమ్మా," అన్నాడు, మర్యాదగానే అన్నాడు. పోలీసులూ అంతే, వాళ్ళ కాగితం నిండా నేను ఒక్కదాన్నే ఉన్నాను.

స్టేషన్లో మాస్టరు ఫోన్లన్నీ రికార్డవుతాయి. ఆ రికార్డు కేసు సామాన్లలో ఉంది, అందులోంచి నా నంబరున్న ఒక్క ముక్క మాత్రం కాగితం మీద రాశారు. మొత్తం నేను విన్నాను, నేరేడ్‌మెట్‌లో హరికిషన్ ఆఫీసు గదిలో, ఆయన కంప్యూటరులో. మొదట కంట్రోలు ఆయన గొంతు, పేరు తెలియదు, ఎప్పుడూ చూడలేదు, "గేటు గేటు అంటవేంది, రోజూ ఉండే గేటే గదా, నంబర్ తీసుకొని సిగ్నలియ్యి." తర్వాత వరహాలబాబు సార్, "ఇచ్చీ బుచ్చమ్మా, పైనుంచి నా పేనం తీస్తన్నారు." తర్వాత నేను, "గేటు మీద బండ్లు నిలవడ్డయి సార్, ఇంక దించలే." ఆయన, "నీ గేటుకి కొబ్బరికాయ కొట్టాలమ్మా." నేను నవ్వాను. మామూలుగా కాదు, కడుపునిండా తిన్న మనిషి నవ్వినట్టు నవ్వాను. "కొట్టుండ్రి సార్, ఒక చిప్ప నాకు పంపుండ్రి," అన్నాను. ఆ నవ్వులోనే, నవ్వు ఆగకముందే, నలభై ఏడు. అదే నంబరు. ఆ క్షణాన ఓంప్రకాశ్ ఆటో గేటుకు పది గజాల దూరంలో ఉండి ఉంటుంది. హరికిషన్ అక్కడ ఆపి నా వైపు చూశాడు. "ఇది కోర్టుల వినిపిస్తే మాస్టరు పోతడు, కంట్రోలాయన పోతడు, కానీ అందరికంటె ముందు నువ్వు పోతవు. ఒప్పుకుంటే ఇది ఎవరూ వినరు." నేను ఆయన బల్ల మీదున్న పేపర్‌వెయిటును చూస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. జైలంటే వేయని సిగ్గు ఆ నవ్వుకు వేసింది, నా జన్మలో ఇంకెప్పుడూ నవ్వకూడదనిపించింది.

నిన్న సాయంత్రం సదాశివ, మా ఆయన, లాలాగూడ వర్క్‌షాపు నుంచి వచ్చి చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా నా ముందు కూర్చున్నాడు. "ఒప్పుకో బుచ్చీ. నౌకరి పోతే పోయింది, ఇంట్ల కూసో, నేను లేనా," అన్నాడు. ఎంత మంచి మాట, ఎవరైనా కరగాలి. కరిగాను కూడా, తలూపాను, ఆయన సంతోషంగా స్నానానికి పోయాడు. అప్పుడు నా గేటు మీద ఇప్పుడు పనిచేస్తున్న గ్రేసీకి ఫోను చేశాను. చిన్న పిల్ల, నాలుగు నెలలయింది చేరి. ముందు నంబరు ఇస్తున్నవా అని అడిగాను. "నెలరోజులు బంద్ చేసిండ్రక్కా. మళ్ళ షురూ అయింది. ఇయ్యకపోతే ఎట్ల, రైలుబండ్లు నిలవడుతున్నయని తిడుతుండ్రు." నేను ఫోను పెట్టేశాను. ఒక మనిషి చచ్చాడు, పద్నాలుగు మందికి కాళ్ళు చేతులు విరిగాయి, నా బతుకు కోర్టు బెంచీ మీదకొచ్చింది, ఇంత చేసి వాళ్ళు ఆపింది నెలరోజులు. తప్పంతా బుచ్చమ్మది, బుచ్చమ్మను తీసేశాం, కాబట్టి తప్పు పోయింది. ఎంత సులువు. రేపు గ్రేసీ ఈ బెంచీ మీద కూర్చుంటే ఆమెకు కూడా ఎవరో చెబుతారు, ఒప్పుకో, ఇవాళనే ఖతం.

బెంచీకి ఆ చివర ఎవరో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళుంటాయి, ఒళ్ళో ప్లాస్టిక్ కవరులో కాగితాలు. మొహం చూడకుండానే తెలిసింది, నవత, ఓంప్రకాశ్ భార్య. మొదటి వాయిదాకు వచ్చినప్పుడు దూరం నుంచి చూశాను, కళ్ళు కలపలేదు. తిడుతుందేమో తిట్టనీ అనుకున్నాను, తిట్లకు నేను భయపడను. ఆమె వరహాలబాబు సార్ వదిలిపెట్టిన టీ గ్లాసును కాస్త పక్కకు జరిపింది.

"మీరే గదా గేటామె."

"నేనే."

"ఇవాళ ఒప్పుకుంటరంట. మీరు ఒప్పుకుంటే నేనింక రావద్దంట."

నేను కొంగు సర్దుకుని ఆమె వైపు తిరిగాను.

"నాకొక్కటి చెప్పుండ్రి. ఎవరినడిగినా గేటామె తప్పంటుండ్రు. సరే, తప్పే. ఎందుకు చేసిండ్రు? గేటు తెరిచున్నప్పుడు సిగ్నలెట్ల పడ్డది? మా అత్త సుత నా మొగడే తొందరపడి దూరిండంటది. ఇంట్ల నేనేం చెప్పాలె?"

ఇన్ని నెలల్లో ఎందుకు అని అడిగిన మొదటి మనిషి. ఏసీ గదిలో ముగ్గురు, పోలీసులు, పేపరువాళ్ళు, నా సొంత వకీలు, ఎవరూ అడగని ప్రశ్న ఈమె అడిగింది, అడిగే హక్కు అందరికంటే ఎక్కువున్న మనిషి. ముందు చెప్పాల్సింది ముందు చెప్పాను.

"దూరలే బిడ్డా. ఆటో ఆగిపోయింది. అందరు ఉరికిండ్రు, నీ మొగడు ఉరకలే. ఆఖరిదాక బండిని తోసిండు."

ఆమె కవరును రెండు చేతులతో పట్టుకుంది. "ఎవరు చూసిండ్రు?"

"నేను చూసిన."

"కాయితాలల్ల ఉందా?"

"లేదు."

"మరి మీరు ఒప్పుకుంటే ఇంక యాడ రాస్తరు?"

ఆమె ఏడుస్తూ అడిగితే ఏదో ఒక ఓదార్పు మాట చెప్పి తప్పించుకునేదాన్ని. ఏడవలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అంతలో తలుపు దగ్గర బంట్రోతు నా పేరూ, వరహాలబాబు సార్ పేరూ పిలిచాడు. హరికిషన్ వచ్చి మోచేయి పట్టుకున్నాడు, ఒప్పుకుంటున్న సార్, గంతే, ఇంకేం మాట్లాడకు, అన్నాడు. లేచి ఆయన వెనక నడిచాను. లోపల జడ్జి గారు చిన్నవాడు, జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూ కాగితం చదివాడు. నిర్లక్ష్యంతో ఒకరి చావుకూ, పద్నాలుగు మంది గాయాలకూ కారణమయ్యానని. నిర్లక్ష్యం. ఇరవై మూడేళ్ళు పండగా పబ్బం లేకుండా, జ్వరమొచ్చినా మాత్ర మింగి హ్యాండిలు తిప్పినదానికి ఆ పేరు. సరే, ఉందేమో, ఆ రెండు క్షణాల్లో ఉందేమో, ఆ నవ్వులో ఉందేమో. కానీ అది నా గదిలో పుట్టింది కాదు, ఫోను తీగ వెంబడి వచ్చింది, ఆ తీగకు అవతల కూడా మనుషులున్నారు. నా పక్కన వరహాలబాబు సార్ గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. తలుపు దగ్గర నవత నిలబడి ఉంది.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అన్నాడు జడ్జి గారు.

"ఒప్పుకోను సార్."

హరికిషన్ నా కొంగు లాగాడు. లాగనీ. జడ్జి గారు తలెత్తి చూశాడు. "అంటే గేటు మూశాకే నంబరు ఇచ్చానంటారా?"

"లేదు సార్. మూయకుంటనే ఇచ్చిన. ఎందుకిచ్చిననో ఈడ ఎవరూ అడగలే. ఫోన్ రికార్డు ఉంది సార్, మొత్తం పెట్టుండ్రి. అండ్ల నన్ను అడిగినోళ్ళ గొంతులున్నయి. నేను నవ్వుకుంట నంబరిచ్చింది సుత ఉంది, అది సుత వినుండ్రి. ఆటోను ఆ మనిషి ఎట్ల తోసిండో నేను చూసిన, అది రాసుకోండ్రి. అవన్నీ అయినంక శిక్ష వెయ్యుండ్రి, నేను అడ్డం చెప్ప."

ఈ గదిలో ఫ్యాను బాగానే తిరుగుతోంది. జడ్జి గారు ముక్కు తుడుచుకుని గుమాస్తాతో, నేరం ఒప్పుకోలేదని రాయండి అన్నాడు. విచారణకు తారీఖు ఇచ్చాడు. నేను సంతకం పెట్టాను, పూర్తి పేరు రాశాను. తర్వాత వరహాలబాబు సార్‌ను అడిగారు, ఆయనేమన్నాడో నేను వినలేదు, నేను నవత వైపు చూస్తున్నాను. ఆమె నా నవ్వు సంగతి విన్నది. మొహం గట్టిపడింది, నన్ను క్షమించినట్టు ఏమీ లేదు, క్షమించాలని నేను అడగలేదు కూడా. కవరులోంచి చిన్న కాగితం తీసి వాయిదా తారీఖు రాసుకుంటోంది.

బయటకు రాగానే హరికిషన్ ఫైలుతో గాలి విసురుకుంటూ, "ఐదేండ్ల దాక పడొచ్చు బుచ్చమ్మా, తెలుస్తుందా నీకు?" అన్నాడు.

"పడనియ్యుండ్రి సార్. ఒక్కదాన్నయితే పోను."